పసిపిల్లలతో క్రూయిజ్‌కి వెళ్ళాలంటే: బిడ్డ పాస్‌పోర్ట్ దరఖాస్తు విధానం

విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఓడెక్కి, మన దేశంలోని రేవులే చూసుకుని తిరిగొచ్చే క్రూయిజ్ అయితే పిల్లల పాస్‌పోర్ట్ ఊసే అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డులతో పనైపోతుంది. అదే ఓడ శ్రీలంక రేవులో ఆగినా, విమానంలో సింగపూర్ వెళ్ళి అక్కడ ఓడెక్కాలనుకున్నా, చంకలో ఉన్న బిడ్డకైనా సొంత పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. "అమ్మ పాస్‌పోర్ట్‌లో బిడ్డ పేరు రాయిస్తే చాలదూ?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. ఆ పద్ధతి ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు.

మన వైపు చాలామంది ఆఫర్ కనిపించగానే క్యాబిన్ బుక్ చేసేసి, ఆ తర్వాత పాస్‌పోర్ట్ సంగతి చూద్దామనుకుంటారు. నా మాట వింటే ముందు బీరువాలోంచి బిడ్డ జనన ధ్రువపత్రం బయటికి తీయండి. పాస్‌పోర్ట్ ఫారం నింపడం అరగంట పని. దరఖాస్తులు ఇరుక్కునేది ఆ ఒక్క కాగితం దగ్గరే.

జనన ధ్రువపత్రం

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. పాస్‌పోర్ట్ నిబంధనలను 2025లో సవరించి ఈ షరతు పెట్టారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, నీలం రంగు బాల ఆధార్ ఏవీ దానికి బదులు కావు. నడక నేర్చి ఇల్లు పీకి పందిరేసే వయసు పిల్లల్లో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు.

ఈ పత్రం ఎక్కడ తీసుకోవాలనే దగ్గరే మొదటి తికమక. నమోదు జరిగేది బిడ్డ పుట్టిన చోట, మీరు కాపురం ఉంటున్న చోట కాదు. మనకు తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆనవాయితీ. కాపురం అమలాపురంలో, అమ్మ పుట్టిల్లు తణుకులో, పురుడు తణుకు ఆసుపత్రిలో అనుకోండి. అప్పుడు రికార్డు ఉండేది తణుకు మున్సిపాలిటీలో. అమలాపురంలో ఎన్నిసార్లు తిరిగినా దొరకదు. పల్లెటూళ్ళో పుడితే ఆ ఊరి పంచాయతీ దగ్గర ఉంటుంది. కాబట్టి అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడే ఈ పని కూడా చూసుకు రావడం మంచిది.

రెండోది పేరు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. మనం బారసాల చేసేది కూడా చాలా ఇళ్ళలో 21వ రోజునే. అంటే ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్ళేసరికి బిడ్డకి ఇంకా పేరే పెట్టి ఉండరు. పేరు గడి ఖాళీగానే పత్రం వచ్చేస్తుంది. దాన్ని చూసి జాగ్రత్తగా లామినేషన్ చేయించి దాచుకునేవాళ్ళు ఎంతమందో! పేరు లేని పత్రంతో పాస్‌పోర్ట్ పని ముందుకు కదలదు. నమోదైన 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. తల్లి గానీ తండ్రి గానీ అడిగితే సరిపోతుంది.

అసలు పుట్టుకే నమోదు కాకపోతే ఆలస్యమయ్యే కొద్దీ పని బరువెక్కుతుంది. 30 రోజుల్లోపు అయితే కొద్దిపాటి రుసుముతో పోతుంది. ఏడాదిలోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ పరిస్థితిలో ఉంటే ఈ సీజన్ క్రూయిజ్ మాట మర్చిపోయి, ముందు అది పూర్తి చేయండి.

ఇంటిపేరు గొడవ

పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు కుదరవు. మనమేమో బడి రిజిస్టరు నుంచి పెళ్ళి శుభలేఖ దాకా పొడి అక్షరంతోనే బతికేస్తాం. జనన ధ్రువపత్రంలో 'ఎన్. శ్రీహాసిని' అని పడి, నాన్న పాస్‌పోర్ట్‌లో 'నల్లమిల్లి' అని పూర్తిగా ఉందనుకోండి. కౌంటరు దగ్గర ప్రశ్న రావడం ఖాయం. పేరు చేర్పించేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించండి. అందులోనూ ఇంగ్లిష్ అక్షరాలు నాన్న పాస్‌పోర్ట్‌లో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉండాలి. నాన్నకి ఒక 'ఎల్', పాపకి రెండు 'ఎల్'లు ఉంటే ఆ తేడా పాస్‌పోర్ట్‌లోకి, అక్కడి నుంచి వీసాలోకి, ఓడ టికెట్‌లోకి పాకుతుంది.

ఇంటిపేరు వేరే గడిలో, బిడ్డ పేరు వేరే గడిలో రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినా ఫారం ముందుకెళ్తుంది గానీ, అలా వదలొద్దనే చెబుతాను. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌తో వీసాల దగ్గర చికాకులు వస్తాయి. న్యూమరాలజీ చూసి మధ్యలో అదనపు అక్షరం కలిపే ఆలోచన ఉంటే అది పత్రంలో పేరు చేరకముందే తేల్చుకోండి. తర్వాత మార్చడమంటే మాటలు కాదు. జనన ధ్రువపత్రంలో అమ్మానాన్నల పేర్లు కూడా వాళ్ళ పాస్‌పోర్ట్‌లతో పోల్చి చూడండి. అక్కడ తప్పుంటే దరఖాస్తుకి ముందే సవరణ చేయించుకోవాలి.

అమ్మానాన్నల కాగితాలు

పసిబిడ్డకు విడిగా చిరునామా రుజువు ఉండదు కాబట్టి తల్లిదండ్రుల రుజువే సరిపోతుంది. ఇద్దరి పాస్‌పోర్ట్‌లూ ఉంటే ఒరిజినల్స్, సొంత సంతకం చేసిన జిరాక్సులు తీసుకెళ్ళాలి. భార్య పాస్‌పోర్ట్‌లో భర్త పేరు, భర్త పాస్‌పోర్ట్‌లో భార్య పేరు ఉంటే పని సులువుగా సాగుతుంది. పెళ్ళి కాకముందు తీసుకున్న పాస్‌పోర్ట్‌లు అయితే, ఎలాగూ మీకూ ప్రయాణం ఉంది కనుక ముందు మీవి మార్పించుకుని తర్వాత బిడ్డకు పెట్టడం మేలు.

వీటితో పాటు 'అనెక్జర్ డి' అనే ప్రకటన ఇవ్వాలి. బిడ్డకు పాస్‌పోర్ట్ ఇవ్వడానికి మా ఇద్దరికీ సమ్మతమే అని తల్లీ తండ్రీ సంతకాలు పెట్టే కాగితం అది. నమూనా వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. తెల్లకాగితం మీద చాలు. స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు. ఈ సడలింపు 2016 డిసెంబరు నుంచే ఉన్నా, ఇప్పటికీ కొన్ని నెట్ సెంటర్లలో స్టాంపు పేపరు పేరు చెప్పి డబ్బు తీసుకుంటున్నారు. ఒకరే పెంచుతున్నా, రెండోవారి సమ్మతి దొరక్కపోయినా 'అనెక్జర్ సి' ఉంది. అందులో కారణం రాయాలి.

కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఈ సంగతి విడిగా చెప్పాలి. నాన్న కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, అమ్మ ఇక్కడ దరఖాస్తు పెడుతుంటే, ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ ధ్రువీకరణ చేయించిన అఫిడవిట్ పంపాలి. దాన్ని అమ్మ ఇచ్చే అనెక్జర్ డికి జతచేస్తారు. వాట్సాప్‌లో పంపిన సంతకం ఫొటో ఒరిజినల్ కాదు. అక్కడ సెలవు దొరికి, కాగితం ఇక్కడికి చేరేసరికి వారాలు పడుతుంది కనుక, ఈ ఇళ్ళల్లో మొట్టమొదట కదలాల్సింది గల్ఫ్‌లో ఉన్న ఆయనే.

ఫారం, ఫీజు

దరఖాస్తు 'పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్' వెబ్‌సైట్‌లో గానీ 'ఎంపాస్‌పోర్ట్ సేవ' యాప్‌లో గానీ పెట్టాలి. గూగుల్‌లో వెతికితే అచ్చం ఇలాంటి పేర్లతోనే వేరే సైట్లు వస్తాయి. చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే అందులో ఒక్క వివరం కూడా ఇవ్వకండి.

తల్లో తండ్రో లాగిన్ చేసుకుని, బిడ్డ పేరున కొత్త పాస్‌పోర్ట్ ఎంచుకోవాలి. ఫారం అందరికీ ఒకటే కనుక ఏడాదిన్నర పిల్లాడి చదువెంత అని కూడా అడుగుతుంది. నవ్వొచ్చినా అన్నిటికంటే తక్కువది ఎంచుకుని ముందుకెళ్ళండి. నాన్-ఈసీఆర్‌కి (కొన్ని దేశాలకు పనికోసం వెళ్ళేటప్పుడు వలస అనుమతి అక్కర్లేని వర్గానికి) అర్హుడా అంటే 'అవును' అనే పెట్టాలి, 18 ఏళ్ళలోపు వాళ్ళందరూ ఆ కోవలోకే వస్తారు. అమ్మానాన్నల పాస్‌పోర్ట్ నంబర్లు అడిగిన చోట తప్పకుండా ఇవ్వండి. పోలీసు విచారణ అవసరమా కాదా అనేది చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

పిల్లలకు 36 పేజీల పాస్‌పోర్ట్ ఫీజు రూ.1000. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు మొదటిసారి తీసుకుంటే 10 శాతం తగ్గింపు ఉంది, అంటే రూ.900. త్వరగా ఇచ్చే తత్కాల్ పద్ధతి కావాలంటే ఇంకో రూ.2000 కట్టాలి. పత్రాలు సరిగ్గా ఉన్న బిడ్డకు తత్కాల్ అవసరం అరుదు. పత్రాల్లో తేడా ఉంటే తత్కాల్ కూడా ఆదుకోదు. ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి, కట్టాకే అపాయింట్‌మెంట్ తేదీలు కనిపిస్తాయి.

కేంద్రానికి వెళ్ళే రోజు

మన గోదావరి డెల్టాలో భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. అది కాక పోస్టాఫీసుల్లో నడిచే చిన్న కేంద్రాలున్నాయి. మీకు దగ్గరలో ఏది ఉందో, ఎక్కడ ముందు ఖాళీ ఉందో బుకింగ్ పేజీలోనే చూసుకోవచ్చు. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇంటికి దగ్గరగా ఉందా అని మాత్రమే కాకుండా, బిడ్డ పగటి నిద్ర వేళ కూడా లెక్కలోకి తీసుకుని సమయం ఎంచుకోండి. బిడ్డ స్వయంగా రావాల్సిందే, ఫొటో పంపితే కుదరదు.

జూలై, ఆగస్టుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకునే లంక ఊళ్ళ వాళ్ళు వరద సంగతి చూసుకోవాలి. గోదావరి పోటెత్తితే సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఆగిపోతుంది. అప్పుడు భీమవరం చేరాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కుదరకపోతే టెన్షన్ పడొద్దు. ఏడాదిలోపు మూడుసార్ల వరకు తేదీ మార్చుకోవచ్చు, కట్టిన ఫీజు ఆ ఏడాదంతా చెల్లుతుంది.

నాలుగేళ్ళలోపు పిల్లలకు ఫొటో మనమే తీసుకెళ్ళాలి. 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు, వెనక తెల్లగా ఉండాలి. స్టూడియోకి వెళ్ళేటప్పుడు తెల్ల గౌను వేయకండి, వెనకున్న తెలుపులో కలిసిపోతుంది. బుగ్గ మీద దిష్టిచుక్క తుడిచేయండి, అమ్మమ్మ ఒప్పుకోకపోతే అరికాలికి పెట్టించండి. కళ్ళు తెరిచి, నోరు మూసి, నేరుగా చూస్తున్న ఫొటో కావాలి. బిడ్డను పట్టుకున్న మీ చెయ్యి అందులో కనపడకూడదు. ఈ మొత్తం దరఖాస్తులో నిజంగా ఓపిక పరీక్షించే ఘట్టం ఇదే. బిడ్డ నిద్ర లేచి పాలు తాగాక తీయించండి.

సేవా కేంద్రంలో ఎ, బి, సి అని మూడు దశలుంటాయి. మొదటి దాంట్లో కాగితాలు స్కాన్ చేసి వివరాలు తెర మీద చూపిస్తారు. స్పెల్లింగులు అక్కడే ఒక్కో అక్షరం చదవండి, దిద్దుకునేందుకు అదే తగిన చోటు. తర్వాతి రెండింటిలో అధికారులు పరిశీలించి మంజూరు చేస్తారు. అపాయింట్‌మెంట్ ప్రింటు లేకపోయినా ఫోనులోని మెసేజ్ చూపిస్తే లోపలికి పంపిస్తారు.

ఇంటికి వచ్చాక

తల్లిదండ్రుల దగ్గర చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్ట్‌లుంటే బిడ్డకు సాధారణంగా పోలీసు విచారణ ఉండదు. లేకపోతే స్టేషన్ నుంచి కబురొస్తుంది, ఫారంలో రాసిన చిరునామాలో ఆ రోజుల్లో మీరు ఉండాలి. పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్టులో వస్తుంది. దరఖాస్తు నంబరుతో అది ఎక్కడిదాకా వచ్చిందో సైట్లో చూడొచ్చు.

అది చేతికొచ్చాక క్యాబిన్ బుక్ చేయండి. టికెట్‌పై పేరు, పాస్‌పోర్ట్‌పై పేరు ఒకటే ఉండాలి. పెద్ద కంపెనీల ఓడల్లో చాలావాటిలో 6 నెలలు నిండని బిడ్డను ఎక్కించుకోరు, వరసగా ఎక్కువ రోజులు నడిసముద్రంలో ఉండే ప్రయాణాలకు 12 నెలలు నిండాలంటారు. ఈ వయసును లెక్కపెట్టేది బుక్ చేసిన రోజుకి కాదు, ఓడ బయల్దేరే రోజుకి. డైపర్ వాడే పిల్లలను ఓడలోని ఈతకొలనుల్లో సాధారణంగా దిగనివ్వరు, అందుకే నీళ్ళాట ఆశతో వెళ్ళేవాళ్ళు చిన్నపిల్లలకు విడిగా ఏముందో ముందే అడగండి. సింగపూర్ నుంచి ఓడెక్కితే బిడ్డకూ విడిగా వీసా తీయాలి. ఓడ దిగాక మళ్ళీ సింగపూర్‌లోకే రావాలి కనుక ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలున్నదే కావాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

పిల్లల పాస్‌పోర్ట్ చెల్లేది 5 ఏళ్ళే. గడువు తీరాక మళ్ళీ పెట్టేది రీఇష్యూ కిందికి వస్తుంది, దానికి ఆ 10 శాతం తగ్గింపు వర్తించదు.