రోడ్డును చదవడం: 4వ పాఠం – మార్కు ఒకటే, మందు వేరు

పోయిన పాఠంలో రోడ్డు ముక్క ఎంత బాగుందో చూసి వందకు మార్కులు వేశాం కదా. ఇప్పుడు రెండు ముక్కలకు 55 చొప్పున వచ్చాయనుకోండి. రెండింటికీ ఒకే రిపేరు చేస్తే ఒకదాని మీద పెట్టిన డబ్బు నీళ్లపాలే.

మొదటి ముక్క దగ్గర వంగి చూడండి (బండ్లు ఆపించాకే, తొందరేం లేదు). పగుళ్లు చక్రాల జాడలోనే అల్లుకుని మొసలి చర్మంలా ఉన్నాయి. ఒక పెచ్చు మీద కాలు వేసి నొక్కితే కదులుతోంది. పగులు అంచున మెత్తటి బురద ఎండి గీతలా మిగిలింది. అది గాలికి వచ్చి పడ్డ దుమ్ము కాదు. లారీ ఎక్కినప్పుడల్లా అడుగున నిలిచిన నీళ్లు మట్టిని వెంటేసుకుని పైకి చిమ్మిన గుర్తు. దీని మీద కొత్తగా తారు పొర పరిస్తే ఆ మొసలే మళ్లీ పైకి తేలుతుంది. ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడాలి, తర్వాత పాడైన మేర తవ్వి కింది పొర నుంచి కట్టుకు రావాలి.

రెండో ముక్కలో పగుళ్లు పెద్ద పెద్ద గళ్లలా ఉన్నాయి, చక్రాల జాడతో సంబంధం లేదు. తొక్కితే కదలదు, బురదా లేదు. ఇక్కడ తారు ఎండకు ముదిరి పెళుసెక్కింది, అంతే. పగుళ్లు పూడ్చి పైన పల్చటి పూత వేస్తే చాలు.

మార్కుల పద్ధతి పాతదే. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒటావా ఊరి దగ్గర జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష కోసం మనుషుల్ని కార్లలో తిప్పి, ప్రయాణం ఎలా ఉందో 0 నుంచి 5 వరకు వేయమన్నారు. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ సుమారు 16 రెట్లవుతుందన్న లెక్క కూడా ఆ పరీక్షలోంచే వచ్చింది. ఇప్పుడు ఆ పని లేజర్లూ కెమెరాలూ చేస్తున్నాయి. కెమెరా పగులును నాకంటే బాగా పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది పెచ్చును తొక్కి చూడదు.

రోడ్డు ఎన్నేళ్లు ఆగుతుందో చెప్పే లెక్కలతో ఇంకో చిక్కుంది. అవి పాత వానలు, పాత బరువులు చూసి కట్టినవి. ఇప్పుడు కుండపోతలు పెరుగుతున్నాయి, బ్యాటరీ లారీలు బరువెక్కుతున్నాయి. ఆ లెక్కల్ని ఎలా సరిచూసుకోవాలో 5వ పాఠంలో.

ఈలోపు అభ్యాసం: మీరు 40–60 మధ్య మార్కులు వేసిన ముక్కలన్నీ మళ్లీ చూసి, ఒక్కోదాని పక్కన అది పాడవడానికి అసలు కారణంగా ‘నీరు’, ‘బరువు’, ‘వయసు’లో ఏదో ఒకటి రాయండి. తేల్చుకోలేకపోతే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. రోడ్డంతా ఆరినా ఏ పగులు ఇంకా తడిగా ఉందో చూడండి.