కడపలో మిద్దె మీద ఎయిర్ రైఫిల్ రేంజి, తక్కువ ఖర్చులో

పెద్ద బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఉన్న తుపాకీ ఇంట్లోనే తయారు చేద్దామనుకుంటే ఇక్కడే ఆగండి. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం ఆయుధాల చట్టం, 1959 కింద నేరం, నేరుగా జైలే. గురి కొట్టే సరదా ఉంటే గాలి ఒత్తిడితో పెల్లెట్ (చిన్న సీసం గుండు) కొట్టే ఎయిర్ రైఫిల్ చాలు. 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ మించని శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టింది కూడా 4.5 మి.మీ. పెల్లెట్‌తోనే.

స్ప్రింగ్ రకం కొనండి, గాలి నింపే సిలిండర్ గోల ఉండదు. స్కోపు మీద డబ్బు తగలేయొద్దు, 10 మీటర్ల పోటీల్లో దాన్ని ఎలాగూ ఒప్పుకోరు.

అసలు పని టార్గెట్ వెనకాల ఉంది. మన దగ్గర మిద్దె మీద కడప బండ ఎక్కడో ఒకచోట ఆనించి ఉంటుంది కదా, దాని ముందు మాత్రం టార్గెట్ కార్డు పెట్టొద్దు, పెల్లెట్ తగిలి ఎగిరిందంటే మీ కళ్లకే వస్తుంది. మందమైన చెక్కపెట్టె తీసుకుని, వెనక ఇనప రేకు బిగించి, పాత చీరలు, లుంగీలు చెయ్యి దూరనంత గట్టిగా కూరండి. టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. పెట్టె వెనక ఎత్తైన గోడ తప్పనిసరి, పక్కింటి మిద్దె ఉంటే ఆ దిక్కు వదిలేయండి.

టార్గెట్ నట్టనడుమ ఉండే పదో రింగు అంటే అర మిల్లీమీటరు చుక్క, మొదట్లో తగలకపోతే టెన్షన్ పడొద్దు. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిల్ పేల్చితే లోపల సీలు పాడవుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. పెల్లెట్లు సీసంవి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ గ్లాసు పట్టుకోండి.