అమెరికాలో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ కావడం ఎలా?

స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం, మంచం మీంచి లేపి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టడం, బీపీ, పల్స్ చూసి రాయడం. అమెరికాలో ఈ పనులన్నీ చేసేది సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్. వాడుకలో సీఎన్ఏ. డిగ్రీ అక్కర్లేదు. కొన్ని వారాల ట్రైనింగ్ తీసుకుని, పరీక్ష పాసై, రాష్ట్ర రిజిస్ట్రీలో, అంటే సీఎన్ఏల పేర్లుండే రాష్ట్రం జాబితాలో, పేరు ఎక్కించుకుంటే చాలు.

మనం నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనుకుంటాం. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటది. అక్కడ ఉండేవాళ్లను పేషెంట్ అనరు, రెసిడెంట్ అంటారు. సీఎన్ఏల్లో చాలామంది అక్కడ పనిచేస్తారు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మలమూత్రాలు శుభ్రం చేయడం ఈ ఉద్యోగంలో ఎప్పుడో ఒకసారి తగిలే పని కాదు, ప్రతి షిఫ్టులోనూ ఉంటుంది. అది చేయగలనా అని ఫీజు కట్టకముందే ఆలోచించుకోండి.

1. మీ రాష్ట్రం రూల్స్ చూడండి

1987లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ట్రైనింగ్ కనీసం 75 గంటలు ఉండాలి. అందులో కనీసం 16 గంటలు నర్సు పర్యవేక్షణలో చేతులతో చేసే ప్రాక్టీసు. ఆపైన రాష్ట్రాలు తమకు తోచినంత పెంచుకున్నాయి. టెక్సాస్‌లో 100 గంటలు, కాలిఫోర్నియాలో 160. ఫ్లోరిడాలో అయితే 18 ఏళ్లు నిండినవాళ్లు కోర్సు చేయకుండా నేరుగా పరీక్ష రాయొచ్చు. ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్లు తమ రాష్ట్రంలో ఇలాంటి మినహాయింపు ఉందేమో నర్సింగ్ బోర్డునో ఆరోగ్య శాఖనో అడగాలి.

కోర్సుకు రాష్ట్రం ఆమోదం ఉండాలి. పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా, క్లినికల్స్‌కి, అంటే రెసిడెంట్ల దగ్గర చేసే ప్రాక్టీసుకి, మనిషి వెళ్లాల్సిందే. పూర్తిగా ఆన్‌లైన్‌లోనే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లను నమ్మకండి.

హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. చదువుకోవచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయకూడదు. ట్రైనింగ్ అయ్యాక వరుసగా 24 నెలలు జీతానికి ఈ పని చేయకపోతే మళ్లీ ట్రైనింగ్, మళ్లీ పరీక్ష. అందుకే పర్మిట్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు కోర్సుకు తొందరపడకపోవడమే మంచిది.

2. డబ్బు కట్టకముందు నర్సింగ్ హోమ్‌లను అడగండి

చాలామంది ఇక్కడే నష్టపోతారు. కాలేజీలో, ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టి నేర్చుకోవడం ఒక దారి. నర్సింగ్ హోమ్‌లో ముందు ఉద్యోగానికి ఒప్పుకుని, వాళ్ల ఖర్చుతో నేర్చుకోవడం ఇంకో దారి. మెడికేర్, మెడికెయిడ్ (పెద్దవాళ్లకు, పేదలకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలు) డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌ తాను ఉద్యోగం ఇచ్చిన, ఇస్తానని మాటిచ్చిన వ్యక్తి దగ్గర ట్రైనింగ్‌కి గానీ, పుస్తకాలకు గానీ, పరీక్షకు గానీ డబ్బు తీసుకోకూడదు. ఇది చట్టం. ట్రైనింగ్ అవుతుండగానే ఉద్యోగిగా చేర్చుకోవచ్చు కూడా. కాకపోతే 4 నెలల్లోపు కోర్సు, పరీక్ష రెండూ అయిపోవాలి. సంతకం పెట్టేముందు ఎన్ని నెలలు అక్కడే చేయాలంటున్నారో, మధ్యలో మానేస్తే ఏం అడుగుతారో చదువుకోండి.

సొంత డబ్బుతో చేరినా రసీదులు పారేయకండి. కోర్సు అయిన 12 నెలల్లోపు అలాంటి నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం వస్తే, పనిచేసిన కాలాన్ని బట్టి ఆ ఖర్చు తిరిగి వచ్చే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

స్కూల్‌ని అడగాల్సిన ప్రశ్నలు: మొదటిసారికే పాసయ్యేది ఎంతమంది? క్లినికల్స్ ఎక్కడ, ఎన్ని గంటలకు? పరీక్ష ఫీజు ఇందులోనే ఉందా, విడిగానా? సూటిగా జవాబు రాకపోతే ఇంకో స్కూల్ చూసుకోండి.

3. కాగితాలు

నేర చరిత్ర తనిఖీ, చాలాచోట్ల వేలిముద్రలు, టీకాల రికార్డు, టీబీ టెస్ట్. చివరిది మనవాళ్లకు టెన్షన్ పెడుతుంది. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు జబ్బు లేకపోయినా చర్మం మీద చేసే టెస్ట్ పాజిటివ్ రావచ్చు. పైగా ఆ టెస్ట్ చేయించుకున్నాక 48 నుంచి 72 గంటల మధ్య మళ్లీ వెళ్లి చేయి చూపించాలి. బీసీజీ ఉందని చెప్పి రక్తపరీక్ష అడగండి. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

పేరు సంగతి కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా ఉండటం మనలో మామూలే. పరీక్ష దరఖాస్తులో పేరు, ఆ రోజు చూపించే ఐడీలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

4. క్లాసులు

రెసిడెంట్ మీద చేయి వేసేముందు కనీసం 16 గంటలు పాఠాలే. మాట్లాడే తీరు, ఇన్‌ఫెక్షన్ రాకుండా జాగ్రత్తలు, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలి, రెసిడెంట్ హక్కులు ఇవన్నీ వస్తాయి.

మనకు కష్టమయ్యే పాఠం ఒకటుంది. పెద్దావిడ వణికే చేతులతో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మనకు ప్రాణం ఆగదు, గబగబా మనమే పెట్టేస్తాం. అక్కడ అది తప్పు. పది నిమిషాలు పట్టినా ఆవిడ చేసుకోగలిగింది ఆవిణ్నే చేసుకోనివ్వాలి. లేకపోతే ఆ కాస్త శక్తీ పోతుంది.

కొలతలు కూడా కొత్తే. బరువు పౌండ్లలో, జ్వరం ఫారన్‌హీట్‌లో, తాగిన నీళ్లు ఔన్సుల నుంచి మిల్లీలీటర్లలోకి మార్చి రాయాలి. ఔన్సుకు 30 మిల్లీలీటర్లు అని గుర్తుపెట్టుకోండి. 8 ఔన్సుల గ్లాసు నిండా తాగితే 240.

5. చేతులకు అలవాటయ్యేదాకా ప్రాక్టీసు చేయండి

ఈ పరీక్షలో పోయేవాళ్లు పోయేది ఎక్కువగా పుస్తకం దగ్గర కాదు, చేతుల దగ్గర. చేతులు కడుక్కోవడమే తీసుకోండి. నీళ్లు మణికట్టు దాకా తగలాలి. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. అరచేతులు, వెనకవైపు, వేళ్ల సందులు, గోళ్ల కింద, ఏదీ వదలకూడదు. అంతసేపూ వేళ్లు కిందికే ఉండాలి. సింకు లోపలి భాగం తగలకూడదు. పేపర్ టవల్‌తో తుడుచుకుని దాన్ని పారేసి, ఇంకో పొడి టవల్‌తో కుళాయి కట్టేయాలి. క్లాసులో మొదటిసారి నేను అన్నీ సరిగ్గా చేసి, చివర్లో ఉత్త చేత్తో కుళాయి కట్టేశాను. టీచరమ్మ ఏమీ అనలేదు, సింకు వైపు చూపించి మొదటి నుంచి కడగమంది.

పక్షవాతం వచ్చిన మనిషికి బట్టలు వేయడం ఇంకో పరీక్ష. వేసేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, తీసేటప్పుడు బలం ఉన్న చెయ్యి ముందు. ఇంట్లో ఎవరినైనా కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చెయ్యి వాలేయమని చెప్పి చొక్కా వేసి చూడండి. తలకిందులుగా చేస్తే చొక్కా ఎక్కడ ఇరుక్కుంటుందో ఒక్కసారికే అర్థమవుతుంది.

కొన్ని అలవాట్లు దాదాపు అన్ని పనుల్లోనూ ఒకటే. తలుపు తట్టి లోపలికి వెళ్లడం, పేరు చెప్పుకోవడం, చేయబోయే పని వివరించడం, పరదా వేయడం. చివర్లో మంచం కిందికి దించి, పిలుపు గంట బటన్ చేతికి అందేలా పెట్టడం. పనిచేస్తూ చేసేది పైకి చెప్పండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

6. పరీక్ష

రెండు భాగాలు. రాతపరీక్షలో చదవడం కష్టమనుకుంటే ప్రశ్నలు వినిపించే పద్ధతి కోరుకోవచ్చు. రెండోది ప్రాక్టికల్. చాలా రాష్ట్రాలు వాడే ఎన్ఎన్ఏఏపీ (నేషనల్ నర్స్ ఎయిడ్ అసెస్‌మెంట్ ప్రోగ్రామ్) పరీక్షలో రాతకు 70 ప్రశ్నలు, ప్రాక్టికల్‌కి 5 పనులు. ఆ అయిదింటిలో చేతులు కడుక్కోవడం తప్పకుండా ఉంటుంది, మిగతావి ఏవి వస్తాయో ముందు తెలియదు. మీరు లెక్కపెట్టిన పల్స్, పరీక్షకురాలి లెక్కకు 4కు మించి తేడా ఉండకూడదు. అందుకే నిమిషం మొత్తం లెక్కపెట్టండి. ఏ పనికి ఏ మెట్టు ఎలా చేయాలో పరీక్ష సంస్థ హ్యాండ్‌బుక్‌లోనే ఉంటుంది. దానికి మించిన గైడు లేదు.

మధ్యలో ఏదైనా మర్చిపోయినట్టు గుర్తొస్తే కంగారుపడి దాచకండి. ఆ పని ముగించకముందే ఫలానా మెట్టు తప్పానని చెప్పి మళ్లీ చేసి చూపించండి. పోయినా కనీసం 3 అవకాశాలు ఇవ్వాలని రూల్ ఉంది.

7. పాసయ్యాక

రిజిస్ట్రీలో పేరు, స్పెల్లింగ్ చూసుకోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ముందు వెతికేది అక్కడే. 2023 మే నాటి కేంద్ర కార్మిక గణాంకాల ప్రకారం నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ జీతం ఏడాదికి 38,200 డాలర్లు, అంటే గంటకు 18 పైచిలుకు. రాత్రి షిఫ్టులకు, వారాంతాలకు అదనం ఇచ్చే చోట్లున్నాయి, బేరం చేసేటప్పుడు అడగండి. ఒక సీఎన్ఏకి ఎంతమంది రెసిడెంట్లని కూడా అడగండి. గంటకు డాలరు ఎక్కువిచ్చి పదిహేనుమందిని అప్పగిస్తే నడుము పోతుంది.

నర్సింగ్ హోమ్‌లో ఏటా కనీసం 12 గంటల శిక్షణ యాజమాన్యమే ఇవ్వాలి. రెన్యువల్ అప్పుడు జీతానికి పనిచేసినట్టు రుజువు కావాలి కాబట్టి, ఉద్యోగాలు మారినా పాత పే స్లిప్పులు ఒక కవర్లో పెట్టి దాచండి.