వార్తల పద్దు రాయడం ఎలా?

పాల లెక్క రాస్తాం, చిట్టీ లెక్క రాస్తాం. రోజంతా బుర్రలోకి ఏం దూరిందో మాత్రం ఎవరూ రాయరు. నేను 2019 నుంచి రాస్తున్నాను. చెన్నైలో తెలిసిన తెలుగువాళ్లకి కొందరికి నేర్పాను కూడా. దాదాపు అందరూ ఒకే చోట చెడగొట్టారు.

కావలసినవి: రూళ్ల నోట్‌బుక్, పెన్ను, పద్నాలుగు రోజులు. ఫోన్‌లో రాసుకుంటామంటే అసలు మొదలుపెట్టకండి.

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క మీరు కళ్లారా చూసినవి, కుడి పక్క పేపరు, టీవీ, ఫోన్ చెప్పినవి. ఉదయం పాలకి వెళ్లొచ్చి, ఫోన్ ముట్టకముందే ఎడమ పక్క రాసేయాలి. రాత్రి పడుకునేముందు కుడి పక్క. అటు ఐదు, ఇటు ఐదు చాలు. ఒకే సంగతి మీద నాలుగు వీడియోలు చూస్తే అవి నాలుగు కావు, ఒకటే.

ఎడమ పక్క అడుగున రోజూ ఒక అంకె ఉండి తీరాలి. అది చెన్నైకి తాగునీళ్లిచ్చే రెడ్ హిల్స్ చెరువు నీటి నిల్వే అయి ఉండాలి. నిండితే 3.3 టీఎంసీలు. మెట్రో వాటర్ (చెన్నై నీటి సరఫరా బోర్డు) వాళ్లు వెబ్‌సైట్‌లో రోజూ పెడతారు. (ఫోన్‌లోనే కదా చూడాలి అంటారు. రాత్రి చూడండి, రాసేది మాత్రం ఎడమ పక్కే.) ఉల్లిపాయల ధర రాస్తామనేవాళ్లున్నారు, కుదరదు. అది మండితేనే గుర్తొస్తుంది. చెన్నైలో నీళ్ల కరువొచ్చినప్పుడు, 2019 జూలై 12న జోలార్‌పేట నుంచి ఇక్కడి విల్లివాక్కానికి రైల్లో 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్లొచ్చాయి. కెమెరాలన్నీ ఆ రైలు దగ్గరే. మా వీధిలో బిందెల వరుస అంతకు చాలా ముందునుంచే ఉంది. నాలుగు వానలు పడ్డాక చెరువుల ఊసెత్తినవాడు లేడు. చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకి ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్లొస్తున్నాయో లేదో, కనీసం మన తెలుగువాళ్లకైనా పట్టాలి కదా!

ఇప్పుడు అసలు చిక్కు. వారం తిరిగేసరికి కుడి పక్క సంగతులు గీత దాటి ఎడమ పక్కకి వచ్చేస్తాయి. వచ్చినట్టు మనకి తెలియదు.

2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కల్ని షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 22న దాన్ని సవరించింది. ఆ మధ్య రోజుల్లో అయనావరంలో ఉండే మా బావమరిది పుస్తకంలో ఎడమ పక్కంతా కుక్కలే. "బావా, మా ఏరియాలో కుక్కలు బాగా పెరిగిపోయాయి" అన్నాడు. కిందటి నెల ఎన్నుండేవోయ్ అంటే నోరు పెగల్లేదు. అతను అబద్ధమాడలేదు, చూశాడు. అవి ఏళ్లుగా అక్కడే పడుకుంటున్నాయి, ఇతని చూపు ఇప్పుడు పడింది.

అందుకని ఎడమ పక్క "పెరిగాయి", "ఎక్కువయ్యాయి", "ఈమధ్య" అనే మాటలు నిషేధం. "ఉదయం 6, ఆవిన్ పాల బూత్ దగ్గర, 5 కుక్కలు" అని రాయాలి. చోటు, వేళ, అంకె. వచ్చే నెల అదే చోట, అదే వేళకి మళ్లీ లెక్కపెట్టాకే పెరిగాయో లేదో మాట్లాడండి.

రాత్రి కుడి పక్క రాశాక, అదే సంగతి ఎడమ పక్క కూడా ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టండి. కొట్టేయకండి. మళ్లీ చెబుతున్నాను, కొట్టేయకండి. మొదట్లో నేను కొట్టేసేవాణ్ని, ఇది నేను చూసింది కాదు, ఫోన్ చూపించింది అనుకుని. ఓ వానాకాలం టీవీలో రోజూ మ్యాన్‌హోళ్లే చూపిస్తుంటే, మా సందు చివర మూత లేనిదాన్ని కూడా అలాగే కొట్టేశాను. మూడో రోజు పక్కింటి పెద్దాయన స్కూటర్ ముందు చక్రం అందులో దిగింది. ఆయనకి నేనిప్పటికీ ఆ పేజీ చూపించలేదు.

ఇంత బాధెందుకు, వార్తలు మానేస్తే పోలా అనేవాళ్లతో నాకు విసుగు. మీరు మానేసినా టీ కొట్టు మానేయదు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మానేయదు. 1968లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు, ఓటెవరికో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. వాళ్లు చెప్పిన వరుస, మీడియా పెద్దవిగా వేసిన వార్తల వరుస దాదాపు ఒకటే. అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు.

పద్నాలుగో రోజు సున్నాలు లెక్కపెట్టండి. తర్వాత కుడి పక్క మీ వార్డు సంగతులెన్నో చూడండి. మా ఇంట్లో తెలుగు చానళ్లే, కాబట్టి అమరావతి గురించి, హైదరాబాద్ గురించి బోలెడుంది. 2019లో రాసిన డెబ్బై సంగతుల్లో మా వార్డుది ఒక్కటీ లేదు. సరే, కౌన్సిలర్ ఎవరో కనుక్కుందామని బయల్దేరాను. అప్పుడు చెన్నై కార్పొరేషన్ 200 వార్డుల్లో ఒక్కదానికీ కౌన్సిలర్ లేడట. 2016లో పాత కౌన్సిల్ గడువు ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2022లో. మూడేళ్లుగా ఆ కుర్చీ ఖాళీ అని నాకు అప్పుడే తెలిసింది.