వేసవి ఫలసాయానికి కొండ ఎక్కే ముందు మనిషికీ మొక్కకీ పాటించవలసిన జాగ్రత్తలు

శివరాత్రి వెళ్లిన దగ్గర నుంచి తొలకరి పడేదాకా తూర్పు కనుమల అడవుల్లో ఫలసాయం పని ముమ్మరంగా సాగుతుంది. తపసి బంక తీయడం అప్పటికే మొదలై ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు రాలుతుంది, ఆ వెనుకే తునికాకు, సారపప్పు వస్తాయి. షర్బత్‌కు గిరాకీ పెరగడంతో రాయలసీమ కొండల్లో మారేడు గడ్డల (నన్నారి తీగ వేళ్ల) కోసం తవ్వకాలు ఎక్కువవుతాయి. అడవి ఎండి చిన్న నిప్పురవ్వకే అంటుకునేదీ, వాగులు ఇంకిపోయి జంతువులూ మనుషులూ ఒకే నీటి చెలమ దగ్గరకు చేరేదీ కూడా ఈ నెలల్లోనే. కాబట్టి కొండకు వెళ్లేవారు తమ ప్రాణానికి ఎంత జాగ్రత్త తీసుకుంటారో, తాము కోసే, తవ్వే, గీసే మొక్కకూ అంతే జాగ్రత్త తీసుకోవాలి. ఈ రెండు జాగ్రత్తలూ చాలా చోట్ల ఒకటే, ఎందుకంటే మనిషికి ప్రమాదం తెచ్చేదీ మొక్కను చంపేదీ ఎక్కువసార్లు తొందరపాటే.

మొదటి జాగ్రత్త ఊళ్లోనే తీసుకోవాలి. ఏ పంట ఏ రోజు నుంచి కోయాలో గ్రామసభలో కూర్చుని ముందే నిర్ణయించుకోవాలి. సారపప్పు సంగతి చూడండి. సార కాయ పచ్చగా ఉన్నప్పుడు లోపలి పప్పు పలచగా, పాలు పట్టే దశలో ఉంటుంది, కాయ నల్లబడి మెత్తబడ్డాకే పప్పు నిండుతుంది. ఈ సంగతి అడవిలో పుట్టి పెరిగిన ప్రతివారికీ తెలుసు. అయినా పక్క గూడెం వారు ముందే కోసేస్తారేమోనన్న భయంతో పచ్చికాయనే దింపుతారు, చెట్టెక్కి ఒక్కొక్క రెమ్మ దులిపే ఓపిక లేక కొమ్మలు నరికి కింద పడేసి కోస్తారు. దాంతో తూకం తగ్గుతుంది, ధర తగ్గుతుంది, నరికిన కొమ్మ కొన్నేళ్లపాటు కాయదు, పండిన గింజ నేలన పడక కొత్త మొలకే ఉండదు. ఆ హడావుడిలోనే చీకట్లో చెట్టెక్కి జారిపడేవారూ, ఒంటరిగా వెళ్లి ఎలుగుబంటికి ఎదురుపడేవారూ ఉంటారు. ఒకే కొండను రెండు మూడు గూడేలు వాడుకుంటున్నప్పుడు తేదీని అందరూ కలిసి పెట్టుకోకపోతే అది నిలవదు. అందుకని పక్క గూడెం పెద్దలను పిలిచి మాట్లాడటం గొడ్డలికి పదును పెట్టుకోవడం కన్నా ముందు చేయవలసిన పని. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంప్రదాయంగా సేకరించుకునే చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కునే కాక, అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడుకునే అధికారాన్ని కూడా గ్రామసభకు ఇచ్చింది. తేదీ పెట్టుకోవడం ఆ అధికారంలో భాగమే.

సార కోతకు పొడవాటి గెడకు చిక్కం కట్టుకుని వెళ్లాలి. గెడకు అందని పై కొమ్మల కాయను పిట్టలకు, ఎలుగులకు వదిలేయడమే మంచిది. ఆ పండు తిని గింజను దూరంగా చేర్చేవి అవే.

ఇప్ప పువ్వు విషయంలో రెండు ప్రమాదాలు ఒకే చెట్టు కింద కలుస్తాయి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, దాని తియ్యటి వాసనకు ఎలుగుబంట్లు రాత్రంతా ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. పువ్వు ఏరేవారు తల వంచుకుని నిశ్శబ్దంగా ఏరుతుంటారు, ఎలుగు కూడా తల నేలకు ఆనించి తింటుంటుంది. దానికి చూపు మందం. మరీ దగ్గరికి వచ్చాక గానీ ఒకరినొకరు చూసుకోరు, అంత దగ్గరలో ఉలిక్కిపడిన ఎలుగు పారిపోదు, మీద పడుతుంది. అందుకే మనిషి ముఖం పోల్చుకోగలిగేంత వెలుతురు వచ్చాకే చెట్టు కిందకు వెళ్లాలి. ముగ్గురు నలుగురు కలిసి, బిగ్గరగా మాట్లాడుకుంటూ, కర్రతో నేలమీద కొడుతూ వెళ్లాలి. చెట్టు కింద ఎలుగు కనిపిస్తే ఆ పూట ఆ చెట్టును వదిలేయాలి, రాళ్లు విసరకూడదు, పరుగెత్తకూడదు, దాని వైపు చూస్తూనే నెమ్మదిగా వెనక్కి నడవాలి. అది మీదకు వచ్చేస్తే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడను, తల వెనుక భాగాన్ని కప్పుకుని, ముఖాన్ని నేలకు ఆనించి కదలకుండా ఉండాలి. ఎలుగు దాడిలో ఎక్కువ గాయాలయ్యేది ముఖానికీ తలకే. పిల్లలను ఈ పనికి వెంట తీసుకెళ్లకపోవడమే సరైనది.

రెండో ప్రమాదం నిప్పు. రాలిన పువ్వు స్పష్టంగా కనబడాలని చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెట్టడం చాలా చోట్ల అలవాటు, తునికి రొట్టలు కొత్తగా చిగురించాలని పెట్టే నిప్పు దానికి తోడు. మధ్యాహ్నం గాలి తిరిగితే ఆ నిప్పు చెట్టు కిందనే ఆగదు. కొండవాలు మీద మంట దిగువ నుంచి ఎగువకు చాలా వేగంగా ఎక్కుతుంది. పెద్ద చెట్లు తట్టుకున్నట్టు కనిపించినా మోకాలెత్తు సార, ఉసిరి, తపసి మొక్కలు మాడిపోతాయి, అందుకే ఏటా నిప్పు పడే వాలులో ముసలి చెట్లు తప్ప పిల్ల మొక్కలు కనిపించవు. ఆకును చీపురుతో ఊడ్చి వలయంగా పక్కకు తోస్తే పువ్వు ఏరడానికి అదే చాలు. పాత చీరలు గానీ వలలు గానీ నాలుగు కర్రలకు కట్టి పువ్వును వాటిలో రాలనిస్తే మట్టి అంటదు, ఎండబెట్టినప్పుడు రంగు చెడదు. బీడీ, చుట్ట కొండ దిగాకే వెలిగించుకోవాలి. దిగువన పొగ కనిపిస్తే వాలు పైకి పరుగెత్తకుండా పక్కగా, బండలున్న చోటుకో, ఇదివరకే కాలి నల్లబడిన నేల మీదకో చేరాలి.

తపసి బంక తీసేవారు చెట్టును ముట్టుకునే ముందు దాని నడుము కొలవాలి. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 90 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్న చెట్టుకు గాటు పెట్టకూడదు. తపసి రాతి వాలుల మీద పెరుగుతుంది, వేసవిలో ఆకంతా రాల్చి తెల్లటి కాండంతో దూరం నుంచే మెరుస్తూ కనిపిస్తుంది. ఆకు లేని ఆ రోజుల్లో వేరులోనూ కాండంలోనూ దాచుకున్న నిల్వ మీదనే అది బతుకుతుంది. గొడ్డలితో చెక్క ఊడగొడితే ఒక్కసారికి బంక ఎక్కువే వస్తుంది, కానీ గాయం మూసుకోదు, పురుగూ బూజూ పడతాయి, గాటు చుట్టూ తిరిగి వలయంగా కలిసిందంటే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగక చెట్టు నిలువునా ఎండిపోతుంది. కాబట్టి పదునైన చిన్న కత్తితో, అరచేయి మించని వెడల్పున, కట్టె తగలకుండా బెరడు వరకే గీయాలి. మళ్లీ వచ్చినప్పుడు ఆ గాటు పై అంచును మాత్రం సన్నగా తాజా చేయాలి, గాటుకూ గాటుకూ మధ్య మంచి బెరడును విశాలంగా వదలాలి. గీసిన కొన్ని గంటల్లోనే బంక ఊరి, మెలికలు తిరిగిన తెల్లటి తీగల్లా బయటికి వచ్చి గట్టిపడుతుంది. దానిని నేల మీద పడనీయకుండా, బెరడు ముక్కలు కలవనీయకుండా తీసి, శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెడితే మంచి రకం కింద ధర పలుకుతుంది. గొడ్డలి దెబ్బతో వచ్చిన బంకలో చెక్క పొట్టు కలిసి ఆ ధర రాదు. అందుచేత చెట్టును కాపాడే పద్ధతిలోనే ఆదాయం కూడా ఉంది. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పథకంలో తపసి బంక, సారపప్పు రెండూ ఉన్నాయి. ఆ ఏటి ధర ఎంతో గిరిజన సహకార సంస్థ డిపోలో కనుక్కుని వెళ్తే దళారి తొందరపెట్టినా లొంగవలసిన పని ఉండదు.

అంచున ఉన్న తపసి చెట్టుకు ఒంటరిగా గాటు పెట్టవద్దు. ఎండుగడ్డి కప్పిన రాతి వాలు మీద చెప్పులు జారతాయి, పట్టుకోబోయిన రాయి ఊడి వస్తుంది.

మారేడు గడ్డల విషయం నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. కడప, తిరుపతి, కర్నూలు వీధుల్లో వేసవిలో అమ్మే నన్నారి షర్బత్‌లో కమ్మటి వాసన ఈ తీగ వేళ్లదే. ఈ మొక్క దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. బండల సందుల్లో వేరు దించి, పాలు కారే సన్నటి తీగగా పొదల మీద అల్లుకుంటుంది. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, పండు కోస్తే చెట్టు నిలుస్తుంది, కానీ ఇక్కడ మనం తీసుకునేది వేరునే, అంటే మొక్క ప్రాణాన్నే. కాబట్టి తవ్వక తప్పని చోట కొన్ని నియమాలు ఖచ్చితంగా పాటించాలి. బొటనవేలి కన్నా సన్నంగా ఉన్న తీగ జోలికి పోకూడదు. కాయలున్న తీగను, ఆ కాయలు పగిలి దూది అంటిన గింజలు గాలికి ఎగిరిపోయేదాకా వదిలేయాలి. ఒక పక్క నుంచి మాత్రమే తవ్వి, సగం గడ్డలనైనా, తీగ మొదలును పూర్తిగానూ నేలలోనే ఉంచి, తీసిన మట్టినీ ఆకు చెత్తనూ మళ్లీ పూడ్చి తొక్కాలి. గొయ్యి తెరిచి వదిలేస్తే మే ఎండకు మిగిలిన వేరు కూడా ఎండిపోతుంది. మనిషి వైపు నుంచి చూస్తే, గునపంతో బండ కింద మట్టి తోడుతున్నప్పుడు ఆ బండ ఆధారం పోయి దొర్లుతుంది. తవ్వేవారు బండకు దిగువన కూర్చోకుండా పక్కన కూర్చోవాలి. సందులో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడాలి, పింజరలు వేసవి పగళ్లలో ఆ చల్లటి సందుల్లోనే ఉంటాయి. విత్తనంతో నారు పోసి చేను గట్ల మీద ఈ తీగను పెంచడం సాధ్యమే. వ్యాపారానికి గడ్డ కావలసినవారు ఆ దారి పట్టాలి, కొండ మీది తీగ ఈ గిరాకీని మోయలేదు.

ఒక కొండలో విరివిగా ఉన్నది పక్క కొండలోనూ అలాగే ఉంటుందని అనుకోరాదు. తూర్పు కనుమలు ఒకే గొలుసు కావు, నదులు తెంచిన విడివిడి కొండల వరుసలు. పాడేరు, చింతపల్లి వైపు కాస్త తేమ ఉండటంతో అడ్డాకు, కొండచీపురు వంటివి బాగా పెరుగుతాయి. నల్లమల పొడి అడవి, తపసి, సార, తేనెలకు పేరు. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనైతే లోకంలో ఇంకెక్కడా సహజంగా దొరకని మొక్కలున్నాయి. ఎర్రచందనం ఎంత సున్నితమైన విషయమో చెప్పనవసరం లేదు. దాని రాలిన కొమ్మనైనా సంచిలో వేసుకోకూడదు, కూలి ఎంత ఇస్తామన్నా తెలియనివారి వెంట రాత్రిపూట కొండ ఎక్కకూడదు. కొండ సాంబ్రాణి చెట్టుకు గుగ్గిలం కోసం పెట్టే గాట్లు తపసికి పెట్టే గాట్ల కన్నా ప్రమాదకరం, ఆ చెట్లు ఉన్నదే కొద్ది చోట. పెరిత అని పిలిచే సైకస్ బెడ్డోమీ అనే మొక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది, అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో చేరింది. దీనిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మందు పేరుతో మగ మొక్కల కంకులు కోసుకుపోతే ఆ చుట్టుపక్కల ఆడ మొక్కల గింజలు మొలకెత్తే యోగ్యతే పొందవు. ఈ కంకి కావాలని ఎవరు అడిగినా ఇవ్వకూడదు. అభయారణ్యాలు, పులుల అభయారణ్యాల పరిధిలో ఏది తీసుకోవచ్చో, ఎక్కడిదాకా వెళ్లవచ్చో బీట్ అధికారిని ముందే అడిగి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

కొన్ని మొక్కల నుంచి మనల్ని మనమే కాపాడుకోవాలి. నల్లజీడి గింజ రసం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది, ఆ గింజలు ఏరేవారు చేతులకు నూనె పూసుకోవాలి, కళ్లు తుడుచుకోకూడదు. ఎండిన దూలగొండి కాయ నూగు తగిలితే గోకకుండా బట్టలు మార్చి సబ్బుతో కడుక్కోవాలి. ముష్టి పండు నారింజ రంగులో పిల్లలను ఆకర్షిస్తుంది, దాని గింజ విషం. వానలు పడ్డాక మొలిచే అడవినాభి గడ్డను తినే గడ్డలనుకుని పొరబడితే ప్రాణం పోతుంది. గుర్తుపట్టలేని గడ్డను రుచి కూడా చూడకూడదు.

ఎండ సంగతి. తెల్లవారాక బయలుదేరి పదకొండు గంటలకల్లా నీడకు చేరాలి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి సీసాలో పట్టుకెళ్లాలి. చర్మం బాగా వేడెక్కి, మాట తడబడితే అది వడదెబ్బ. ఒళ్లంతా తడిపి, విసురుతూ, వెంటనే 108ని పిలవాలి. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు, కాలు కదలకుండా మోసుకుని విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో గుర్తుపెట్టుకుని కొండ ఎక్కాలి. మే నెల సాయంత్రాల్లో పిడుగులు ఎక్కువ. దామిని యాప్‌లో హెచ్చరిక చూసుకోవాలి, ఉరుము వినబడితే ఒంటరి చెట్టు కింద నిలబడరాదు.

చివరి విడత కోత అయ్యాక మరో పని మిగులుతుంది. గాటు పెట్టిన తపసి చెట్లకు గుర్తు వేసి, వచ్చే ఏడు ఏ వాలుకు విశ్రాంతి ఇవ్వాలో గ్రామసభ పుస్తకంలో రాయించాలి. పూర్తిగా పండిన సార గింజలను తొలకరికే, నిప్పు పడని చోట చల్లాలి, వాటి మొలక శక్తి ఎక్కువ కాలం నిలవదు. తపసి కాయల నుంచి విత్తనం తీసేటప్పుడు ఎర్రటి కాయల మీద ఉండే నూగు చేతిలో గుచ్చుకుని మంట పుట్టిస్తుంది కాబట్టి, కాయలను పట్టకారుతో గానీ మందమైన గోనెగుడ్డతో గానీ పట్టుకుని, గాలి వచ్చే వైపు వీపు పెట్టి పగలగొట్టాలి.