లేజర్‌తో పొగను చదవడం – నాలుగో పాఠం: రెండు లేజర్ల మధ్య ఎడం

పొగలోని పదార్థాలను లేజర్‌తో లేపి, అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) మార్చి, గొట్టంలో అవి పోయే కాలాన్ని బట్టి ద్రవ్యరాశి తేల్చే పరికరం, మాస్ స్పెక్ట్రోమీటర్, మనది. మూడో పాఠంలో క్వార్ట్జ్ ఫిల్టర్ మీద పట్టిన పొగ శాంపిల్ ఈపాటికి −20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. చిత్తూరు పక్క బెల్లం పొయ్యి దగ్గర చెరుకు పిప్పి పొగలో పట్టినదైనా, అలిపిరి బస్సుల రోడ్డు పక్కన పట్టినదైనా ఇక్కడినుంచి పని ఒకటే. డబ్బాను బయటికి తీసి, గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. తొందరపడితే గాలిలోని తేమ చల్లటి ఫిల్టర్ మీద నీరై దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన వానల రోజుల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. తడి ఫిల్టర్‌ను పరికరంలో పెడితే పంపు ఎంతసేపు నడిచినా వాక్యూమ్ రాదు. ఆరబెట్టాలని వేడి చేయకండి, తేలికపాటి పదార్థాలు ఎగిరిపోతాయి. సిలికా జెల్ ఉన్న డబ్బాలో చల్లగానే ఉంచి ఆరనివ్వండి.

6 మిల్లీమీటర్ల పంచ్‌తో ఒక ముక్క కోసి స్టీలు ప్రోబ్ (శాంపిల్‌ను ఛాంబర్‌లో పట్టి ఉంచే కడ్డీ) కొనకు బిగించండి. శాంపిల్ పట్టని ఖాళీ ఫిల్టర్ ముక్క ఒకటి కూడా సిద్ధం చేసుకోండి. అది లేకుండా మొదలుపెట్టవద్దు. ఒత్తిడి 10⁻⁶ మిల్లీబార్ల స్థాయికి వచ్చాకే డిటెక్టర్‌కు హై వోల్టేజీ ఇవ్వాలి. అంతకుముందే ఇస్తే డిటెక్టర్‌లో అయాన్లను పసిగట్టే పలక, మైక్రోచానల్ ప్లేట్‌లో స్పార్క్ వచ్చి ప్లేట్ పోతుంది.

ఒక్క లేజర్ చాలదా అంటే, లోహాలకూ మసికీ చాలుతుంది. సేంద్రియ అణువులకు చాలదు. వాటిని ఫిల్టర్ మీద నుంచి లేపేంత బలంగా అతినీలలోహిత (ఇకపై ‘అతినీల’) లేజర్ కొడితే, ఆ దెబ్బకే ముక్కలైపోతాయి. అందుకే లేపే పని ఒక లేజర్‌కు, అయాన్ చేసే పని మరొకదానికి పంచుతాం. 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఫోటాన్ శక్తి 0.12 ఎలక్ట్రాన్ వోల్టులే. అది వేడి చేసి అణువును పైకి లేపుతుంది, అయాన్ చేయలేదు. ఎన్‌డీ-యాగ్ లేజర్ నాలుగో హార్మోనిక్, అంటే అసలు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతైన 266 నానోమీటర్ల అతినీల కిరణం; దాని ఒక్కో ఫోటాన్‌లో 4.66 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. అలాంటి ఫోటాన్లు రెండు కలిస్తే 9.3. పైరీన్‌ను అయాన్ చేయడానికి 7.4, నాఫ్తలీన్‌కు 8.1 చాలు కాబట్టి బెంజీన్ వలయాలు పెనవేసుకున్న పదార్థాలన్నీ దొరుకుతాయి. పిప్పి పొగలో దండిగా ఉండే లెవోగ్లూకోసాన్ (పిప్పి కాలినప్పుడు పుట్టే చక్కెర రకం పదార్థం) మాత్రం 266 దగ్గర కాంతిని పీల్చదు. అది కనబడలేదని శాంపిల్‌లో లేదనుకోకండి.

కిటికీల దగ్గర చాలామంది పొరబడతారు. 10.6 మైక్రాన్ల కిరణం మామూలు గాజు, క్వార్ట్జ్ దాటదు. ఆ వైపు జింక్ సెలినైడ్ కిటికీ, 266 వైపు ఫ్యూజ్డ్ సిలికా కిటికీ బిగించాలి. రెండు కిరణాలూ కంటికి కనబడవు, కళ్లద్దాలు రెండు తరంగదైర్ఘ్యాలకూ రేటింగ్ ఉన్నవే వాడాలి.

ఇక అసలు సంగతి, రెండు పల్సుల మధ్య ఎడం. లేచిన ఆవిరి సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకుందాం. అతినీల కిరణం ప్రోబ్‌కు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆవిరి అక్కడికి చేరడానికి 20 మైక్రోసెకన్లు. ఈ ఎడాన్ని పెట్టే డిలే జనరేటర్‌ను 5 నుంచి 60 మైక్రోసెకన్ల దాకా 5 చొప్పున మారుస్తూ, ఒక్కో ఎడానికి 50 షాట్ల సగటు తీయండి. ప్రతిసారీ ప్రోబ్‌ను కొంచెం తిప్పి కొత్త చోట కొట్టాలి. అదే చోట కొడితే శాంపిల్ అయిపోతుంది, పడిపోయిన సిగ్నల్ ఎడం వల్లనే అనిపిస్తుంది.

ఎత్తయిన సిగ్నల్ దొరికాక మూడు పరీక్షలు తప్పనిసరి. మొదట అతినీల కిరణానికి అడ్డం పెట్టి కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఒక్కటే కొట్టండి. ద్రవ్యరాశి 23, 39 దగ్గర సోడియం, పొటాషియం పీక్‌లు (స్పెక్ట్రంలో లేచే మొనలు) వస్తే వేడి ఎక్కువైందని అర్థం, శక్తి తగ్గించండి. రెండోసారి అతినీల కిరణం ఒక్కటే. ఇప్పుడు వచ్చేదంతా ఛాంబర్‌లోని మురికి, ఎక్కువగా పంపు నూనె ఆవిరి. మూడోసారి రెండు లేజర్లూ, కానీ ఖాళీ ఫిల్టర్ మీద. ఈ మూడింటిలో ఎక్కడా లేకుండా శాంపిల్‌లో మాత్రమే వచ్చిన పీక్‌నే నమ్మండి.

ద్రవ్యరాశి లెక్కకు టైమ్ సున్నాను అతినీల పల్స్ నుంచే తీసుకోవాలి, ఫోటోడయోడ్‌తో (కాంతిని పసిగట్టే చిన్న సెన్సర్). గొట్టంలో అయాన్ పోయే కాలం దాని ద్రవ్యరాశి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అయాన్లు పోయే గొట్టం 1 మీటరు, వాటిని తోసే వోల్టేజీ 2000 వోల్టులు అనుకుందాం. లీక్ వాల్వ్ గుండా కొంచెం వదిలిన టోల్యూయిన్ (92.06) 15.65 మైక్రోసెకన్లకు, రేకు మీద పూసిన పైరీన్ (202.08) 23.09కు వచ్చాయి. వర్గమూలాలు 9.595, 14.216. కాలాల తేడా 7.44ను మూలాల తేడా 4.621తో భాగిస్తే 1.610. 15.65 నుంచి 1.610 × 9.595 తీసేస్తే 0.20 మిగులుతుంది, అది కేబుళ్ల ఆలస్యం. మీ శాంపిల్‌లో 25.76 దగ్గర పీక్ ఉంటే, 0.20 తీసి 1.610తో భాగించి వర్గం చేయండి. 252 వస్తుంది.

252 రాగానే బెంజో-ఏ-పైరీన్ అని రాసేయకండి. బెంజోఫ్లోరాంథీన్లూ, పెరిలీన్ కూడా 252వే. ఈ పరికరం వాటిని విడదీయలేదు, నోట్‌బుక్‌లో ‘252 గుంపు’ అనే రాయాలి. పక్కన 253 ఎత్తు కూడా చూడండి. కార్బన్-13 (కొంచెం బరువైన కార్బన్) ఒకటి ఉన్న అణువులు అక్కడ కనబడతాయి, ఈ గుంపులోని 20 కార్బన్లకు అది 252లో సుమారు 22 శాతం ఉండాలి. 35 శాతం వస్తే రెండు కారణాలు ఉండొచ్చు: 253 దగ్గర వేరే పదార్థం ఏదో కలిసింది, లేదా డిటెక్టర్ 252 దగ్గర నిండిపోయి దాని ఎత్తు తగ్గించి చూపిస్తోంది. డిటెక్టర్ వోల్టేజీ కొద్దిగా తగ్గించి మళ్లీ తీయండి. నిష్పత్తి 22 వైపు దిగితే కారణం రెండోదే.

12, 24, 36 దగ్గర వరసగా కార్బన్ పీక్‌లు లేస్తే అతినీల కిరణం మరీ గట్టిగా ఉండి అణువులను ముక్కలు చేస్తోందని అర్థం. 1 మిల్లీజౌలు, 5 నానోసెకన్ల పల్సును 0.1 చదరపు సెంటీమీటరు మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు 20 లక్షల వాట్లు. ఇక్కడినుంచి మొదలుపెట్టి కిందికి రండి.

అభ్యాసం: ఒకే ముక్క మీద 1, 0.5, 0.25 మిల్లీజౌళ్లతో మూడు స్పెక్ట్రాలు తీయండి. ఒక్కోదానిలో 36, 178, 202, 252 ఎత్తులు పట్టికగా రాయండి. ఏ శక్తి దగ్గర 36 మాయమై 252 ఇంకా నిలిచి ఉందో అక్కడ గుర్తు పెట్టండి. అయిదో పాఠంలో పొయ్యి పొగనూ బస్సు పొగనూ ఆ శక్తితోనే పోలుస్తాం.