హెచ్-2ఏ స్వయంబోధిని, 4వ పాఠం: ముగింపు తేదీ, ముప్పావు హామీ, ఆ తర్వాతే 9142ఏ

హెచ్-2ఏ అంటే అమెరికా పొలాల్లో తాత్కాలిక పనికి విదేశీ పనివాళ్లను తెచ్చుకునే వీసా. దానికోసం యజమాని అమెరికా కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు 9142ఏ ఫారం, ఈ పాఠంలో అది నింపాలి. నింపుదాం, కానీ చివర్లో. పోయిన పాఠం అభ్యాసంగా మీరు రాసి పంపిన జాబ్ ఆర్డర్లు (పని, గంటలు, తేదీలు చెబుతూ యజమాని ముందుగా పెట్టే పత్రాలు) చూశాక ముందు వాటి సంగతి తేల్చక తప్పదనిపించింది. అందులో ఉన్న తప్పుతో 9142ఏకి వెళ్తే, అదే తప్పు మీద కార్మిక శాఖ ముద్ర వేయించుకున్నట్టవుతుంది.

అభ్యాసం మరోసారి: టెక్సస్ గిలెస్పీ కౌంటీలో, ఫ్రెడెరిక్స్‌బర్గ్ దగ్గర పీచ్ తోట. కోతకు 20 మంది కావాలి. పని మొదలయ్యేది 2026 మే 4, సోమవారం. వారానికి ఆరు రోజులు, రోజుకు 8 గంటలు. 790ఏ ఫారం మీద జాబ్ ఆర్డర్ రాయండి అన్నాను.

మొదటి తప్పు చిన్నది. గడువును చాలామంది పనివాళ్లు ఊళ్లో దిగే రోజు నుంచి లెక్కేశారు, ఒకరిద్దరు వీసా ఇంటర్వ్యూ రోజు నుంచి. లెక్క ఎప్పుడూ పని మొదలయ్యే తేదీ నుంచి వెనక్కే నడుస్తుంది. జాబ్ ఆర్డర్ ఆ తేదీకి 75 రోజుల కంటే ముందు పెట్టకూడదు, 60 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. మే 4కు ఫిబ్రవరి 18 నుంచి మార్చి 5 దాకా. 9142ఏ కనీసం 45 రోజుల ముందు, అంటే మార్చి 20 లోపు. అన్నీ సవ్యంగా ఉంటే 30 రోజుల ముందు, ఏప్రిల్ 4 నాటికి, సర్టిఫికేషన్, అంటే కార్మిక శాఖ ఆమోదం, రావాలి. ఇవన్నీ క్యాలెండర్ రోజులు, శని ఆదివారాలు కలిపే. 75వ రోజునే జాబ్ ఆర్డర్ పెట్టేయడం నాకిష్టం. అరవయ్యో రోజు దాకా ఆగి సాధించేదేమీ లేదు, చిన్న సవరణ అడిగినా ఊపిరాడదు.

రెండో తప్పు అలాంటిది కాదు. పంపినవాటిలో సగానికి పైగా జాబ్ ఆర్డర్లలో ముగింపు తేదీ ఆగస్టు 29 అని ఉంది. నేనిచ్చిన తోటలో కోత జూలై మూడో వారానికి అయిపోతుంది, మహా అయితే ఆగస్టు మొదటి వారం. ఆగస్టు 29 ఎందుకంటే అందరి జవాబూ ఒకటే: "ఎందుకైనా మంచిదని."

ఆ "ఎందుకైనా మంచిది" ఖరీదెంతో ఇప్పుడు లెక్కేద్దాం. హెచ్-2ఏ యజమాని ప్రతి పనివాడికీ ముప్పావు పని హామీ ఇచ్చినట్టే. జాబ్ ఆర్డర్‌లో రాసిన మొత్తం పనిగంటల్లో మూడొంతులు పని చూపించాలి. చూపించలేకపోతే తగ్గిన గంటలకు కూలి కట్టాలి. ముగింపు తేదీ మీరు ముందే సంతకం చేసి ఇచ్చిన చెక్కు. దాని మీది అంకె మీరు రాసిన వారాలే నిర్ణయిస్తాయి.

లెక్క తేలిక కోసం కూలి గంటకు 16 డాలర్లు అనుకుందాం. అసలు దరఖాస్తులో మీ రాష్ట్రానికి, ఆ పనికి కార్మిక శాఖ ప్రకటించిన తాజా ఏఈడబ్ల్యూఆర్ (హెచ్-2ఏ పనికి కనీస కూలి) రేటు చూడాలి. 2025 అక్టోబరులో ఆ రేటు కట్టే పద్ధతే మారింది, కాబట్టి పాత పట్టికలు పక్కన పెట్టేయండి.

ఆగస్టు 8తో ముగిస్తే 14 వారాలు, వారానికి 48 గంటలు: 672. ఇందులోంచి ఫెడరల్ సెలవులు తీసేయాలి. మే 25 మెమోరియల్ డే, జూన్ 19 జూన్‌టీంత్, జూలై 4. మూడూ ఆ ఏడాది పనిరోజుల మీదే పడుతున్నాయి, 24 గంటలు పోయాయి. మిగిలింది 648, దానికి ముప్పావు 486. ఒక్కో మనిషికి మీరు హామీ పడ్డ గంటలివి.

ఆగస్టు 29తో ముగిస్తే 17 వారాలు, 816 గంటలు. సెలవులు పోను 792, ముప్పావు 594.

ఇప్పుడు తోటలోకి రండి. జూలై 18 శనివారం చివరి కాయ కోశారు. అప్పటికి 11 వారాలు, 528 గంటలు, సెలవులు పోను 504. ఒక్క వాన రోజు కూడా లేకుండా అందరికీ పూర్తి గంటలు ఇచ్చారనుకుందాం. ముగింపు ఆగస్టు 8 అని రాసినవారు 486 దాటేశారు, హామీ కింద బాకీ లేదు. ఆగస్టు 29 అని రాసినవారికి ఇంకా 90 గంటలు తక్కువ. మనిషికి 1,440 డాలర్లు, 20 మందికి 28,800. ఒక్క కాయ కూడా కోయని మూడు వారాల కోసం ఇదంతా.

"కోత సాగితే మరి?" అంటారు. సాగితే పొడిగింపు ఉంది. రెండు వారాలు, అంతకన్నా తక్కువైతే కార్మిక శాఖ దాకా పోనక్కర్లేదు, నేరుగా వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్‌కు పెట్టుకోవాలి. అంతకు మించితే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా అడగాలి, వాతావరణం లాంటి మీ చేతుల్లో లేని కారణం చూపాలి. అవసరమైతే రెండు వారాలు పెంచుకోవడం సులువు, అవసరం లేని మూడు వారాలు తగ్గించుకోవడానికి దారి లేదు. ముగింపు తేదీ దగ్గర పొదుపుగా ఉండమని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

కొందరు ఇంకో తెలివి చూపించారు: గంటలు తగ్గించేశారు. వారానికి 35 గంటలు కనీసం కాబట్టి ఐదు రోజులు, రోజుకు 7 గంటలు అని రాశారు. 14 వారాలకు 490, రెండు సెలవులు పోను 476, ముప్పావు 357. కాగితం మీద బాగానే ఉంది. కానీ జాబ్ ఆర్డర్‌లో రాసిన గంటలకు మించి పని చేయమని మీరు ఎవరినీ బలవంతపెట్టలేరు. పీచ్ కాయ రంగు తిరిగాక రెండు మూడు రోజుల్లో కోయకపోతే మెత్తబడి కిందపడుతుంది. ఆ వారంలో ఏడు గంటల పని అవగానే పనివాడు బిన్ (కాయలు వేసే పెట్టె) దించేసి వెళ్లిపోతే అది అతని హక్కు. మీ తోటలో నిజంగా నడిచే గంటలే రాయండి.

ముప్పావు లెక్కలో మిగిలిన చిక్కులివి.

లెక్క వారం వారం కాదు, మొత్తం కాలానికి ఒకేసారి. ఒక వారం 20 గంటలే దొరికి తర్వాతి వారం 60 అయితే రెండూ కలుస్తాయి. కానీ లెక్క మనిషి మనిషికీ వేరు. ఇరవై మంది సగటు తీసి "అందరికీ 500 దాటింది" అంటే చెల్లదు. ఒక్కరికి 470 ఉంటే ఆ ఒక్కరికి 16 గంటల బాకీ ఉన్నట్టే.

ఆలస్యంగా వచ్చినవారికి హామీ వాళ్లు వచ్చిన మర్నాటి పనిరోజు నుంచి మొదలు. వీసా జాప్యమై మే 14 గురువారం దిగిన మనిషికి మే 15 నుంచి. ముందు పది పనిరోజులు, 80 గంటలు పోయాయి. 648లో 80 తీస్తే 568, ముప్పావు 426. మే 4కు ముందే వచ్చినవారికి మే 4 నుంచే.

మీరు పని చూపించినా పనివాడు చేయకపోతే ఆ గంటలు మీ ఖాతాలోకే వస్తాయి, రోజుకు 8 వరకు. ఇష్టపడి ఎక్కువ చేసిన గంటలు, ఆదివారం చేసినవి కూడా లెక్కలోకి వస్తాయి. రుజువు కావాలంటే మాత్రం రోజూ రాయాలి: జూన్ 9, మంగళవారం, ఇచ్చినవి 8, చేసినవి 5, కారణం, మధ్యాహ్నం తర్వాత పని వద్దన్నాడు. "ఇచ్చినవి" అన్న గడి లేని హాజరు పుస్తకం హెచ్-2ఏకి పనికిరాదు. చేసిన గంటలు మాత్రమే ఉన్న పుస్తకంలో ఆ మూడు గంటలు మీరు ఇవ్వనివిగానే కనిపిస్తాయి. పే స్లిప్పులో కూడా రెండూ ఉండాలి.

మధ్యలో పని వదిలి వెళ్లిపోయినవారికి హామీ, తిరుగు ప్రయాణం మీ బాధ్యత కాదు, అయితే చెప్పాల్సిన చోట చెబితేనే. చెప్పకుండా వరుసగా ఐదు పనిరోజులు రాకపోతే వదిలి వెళ్లినట్టు లెక్క. అక్కడి నుంచి రెండు పనిరోజుల్లో కార్మిక శాఖ ప్రాసెసింగ్ సెంటర్‌కూ, హోంల్యాండ్ సెక్యూరిటీకీ రాతపూర్వకంగా తెలపాలి. ఈ రెండు రోజులూ దాటితే మీ మాటకు బలం ఉండదు.

వడగళ్ల సంగతి చాలామంది అడిగారు. జూన్ రెండో వారంలో వడగళ్లు పడి తోట నేలపాలైతే, ఒప్పందం ముగించడానికి కార్మిక శాఖ అధికారి నిర్ణయం కోరాలి. జూన్ 13తో ముగిసిందని ఆయన ఒప్పుకుంటే ఆరు వారాలు 288, ఒక సెలవు పోను 280, ముప్పావు 210. అయితే పనివాళ్లకు వేరే చోట అలాంటి పని చూపించే ప్రయత్నం చేయాలి, ఇంటికి పంపే ఖర్చు భరించాలి. ఆ నిర్ణయం లేకుండా మీరే "తోట పోయింది, వెళ్లండి" అంటే 486 గంటల హామీ అలాగే నిలబడుతుంది. ధర పడిపోవడం, కొనుగోలుదారు వెనక్కి తగ్గడం ఈ కోవలోకి రావు. అది వ్యాపార నష్టం, దాన్ని పనివాడి మీదకు నెట్టనివ్వరు.

బిన్‌కు ఇంత అని కూలి కట్టేవాళ్లకు: బాకీ గంటల రేటు ఆ మనిషి బిన్‌ల మీద గంటకు సగటున సంపాదించినది, లేదా తప్పనిసరి గంట రేటు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

ఇక వసతి. 12 అడుగులు × 14 అడుగుల గదిలో నాలుగు మంచాలు వేసిన పటాలు వచ్చాయి. 168 చదరపు అడుగులు, పడక గదిలో మనిషికి 50 కావాలి, ముగ్గురే పడతారు. మంచాల మధ్య 36 అంగుళాలు, రెండంతస్తుల మంచాలైతే 48, మూడంతస్తులవి నిషేధం. కప్పు ఎత్తు 7 అడుగులకు తగ్గకూడదు. వంట కూడా అదే గదిలో అయితే మనిషికి 100 చదరపు అడుగులు, అంటే ఆ గది ఒక్కరికే. టేపు పట్టుకుని కొలవండి, ఇల్లు కట్టినప్పటి ప్లాన్ చూసి రాయకండి. టెక్సస్‌లో వలస కార్మికుల వసతికి రాష్ట్ర లైసెన్సు కూడా ఉంటుంది. దాన్ని వర్క్‌ఫోర్స్ కమిషన్ (రాష్ట్ర ఉపాధి సంస్థ) తనిఖీకి ముందే చూసుకోండి.

ఇప్పుడు 9142ఏ. కార్మిక శాఖ ఆన్‌లైన్ ఫ్లాగ్ పోర్టల్‌లో జాబ్ ఆర్డర్ నంబరు దానికి జోడించాలి. పేరు, యజమాని పన్ను సంఖ్య, తేదీలు, మనుషుల సంఖ్య జాబ్ ఆర్డర్‌తో అక్షరం తేడా లేకుండా ఉండాలి. తోట ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే రెండింటిలోనూ అదే పేరు. అపెండిక్స్ ఏ (షరతులు పాటిస్తానని యజమాని ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం మరవద్దు.

తాత్కాలిక అవసరం ఎందుకో రాసే చోట "కూలీల కొరత" అని రాయకండి. అవసరం ఎందుకు ఈ నెలల్లోనే వస్తుందో రాయాలి: కాయ ఎప్పుడు పండుతుంది, మిగతా నెలల్లో ఆ పని ఎందుకు ఉండదు. ఏడాది పొడవునా ఉండే పని, పాడి ఆవుల పాలు పితకడం లాంటిది, ఈ దారిలో రాదు.

వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడితే పరిహారమిచ్చే) బీమా దగ్గర టెక్సస్ వాళ్లు ఆగిపోతున్నారు. రాష్ట్రంలో ప్రైవేటు యజమానికి అది తప్పనిసరి కాదు, నిజమే. హెచ్-2ఏకి మాత్రం తప్పనిసరి. పాలసీ జూన్ 30తో అయిపోతుంటే ఆగస్టు 8 దాకా కొనసాగుతుందన్న రుజువు కూడా పెట్టాలి.

లోపాలుంటే నోటీసు వస్తుంది, జవాబుకు ఐదు పనిదినాలే. అంగీకార నోటీసు వస్తే, పోయినేడాది మీ దగ్గర పనిచేసిన అమెరికన్ పనివాళ్లను సంప్రదించాలి, వచ్చిన ప్రతి స్థానిక అభ్యర్థి పేరూ, తీసుకున్నారా లేదా, లేదంటే చట్టబద్ధమైన కారణమేంటో నివేదికలో రాయాలి. అర్హులైన స్థానికులు సీజన్ సగం గడిచేదాకా ఎప్పుడొచ్చినా తీసుకోవాలి, ముప్పావు హామీ వాళ్లకూ వర్తిస్తుంది. సర్టిఫికేషన్ ఫీజు 100 డాలర్లు, మనిషికి మరో 10, గరిష్ఠం 1,000. మన 20 మందికి 300. సర్టిఫికేషన్ తేదీ నుంచి 30 రోజుల్లో కట్టాలి.

"మా ఊరి కుర్రాళ్లను తెచ్చుకోవచ్చా?" అని గుంటూరు, ఖమ్మం వైపు వాళ్లు అడిగారు. ఈ వీసాకు అర్హమైన దేశాల జాబితా ఒకటి ఉండేది, భారత్ అందులో లేదు. 2025 జనవరి 17 నుంచి ఆ జాబితా పద్ధతే ఎత్తేశారు. కాబట్టి దరఖాస్తుకు అడ్డు లేదు, వీసా ఇవ్వడం కాన్సులేట్ నిర్ణయం. కానీ రానుపోను ప్రయాణం, వీసా ఫీజు చివరికి మీ జేబులోంచే పోతాయి, హైదరాబాద్ నుంచి టికెట్టు మెక్సికో బస్సు చార్జీ కాదు. మధ్యవర్తి ఎవరైనా ఆ కుర్రాళ్ల దగ్గర ఉద్యోగం ఇప్పిస్తానని ఒక్క రూపాయి తీసుకున్నా మీ వీసా పిటిషన్ తిరస్కరణకు గురికావచ్చు, తీసుకున్నది ఎవరైనా సరే. డబ్బు అడిగే ఏజెంటు తెచ్చిన పేర్లు ముట్టుకోవద్దు.

అభ్యాసం పెద్దదే. మీ సొంత పంట తీసుకోండి, పీచ్ తోట వద్దు. గత మూడు సీజన్లలో మొదటి కోత, చివరి కోత తేదీలు రాసి, వాటిని బట్టి ముగింపు తేదీ నిర్ణయించండి. 75, 60, 45, 30 రోజుల తేదీలు పక్కన వేయండి. ముప్పావు గంటలు నాలుగు విధాలుగా కట్టండి: పూర్తి కాలం, పది పనిరోజులు ఆలస్యంగా వచ్చిన మనిషికి, మీ గత మూడేళ్లలో అన్నిటికంటే వానలు ఎక్కువ పడిన సీజన్‌లో నిజంగా దొరికిన గంటలతో, ముగింపును మూడు వారాలు జరిపితే. ప్రతిదానికీ బాకీ డాలర్లలో, మనుషుల సంఖ్యతో హెచ్చవేసి రాయండి. ఒక వారం హాజరు పుస్తకం "ఇచ్చినవి", "చేసినవి", "కారణం" గడులతో గీసి జతచేయండి. వచ్చే పాఠం ఐ-129, అంటే సర్టిఫికేషన్ తర్వాత యూఎస్‌సీఐఎస్‌కు పెట్టే వీసా పిటిషన్. అందులో వేసే తేదీలు ఈ కాగితంలోంచే తీసుకుంటాం.